సమంగా అరిగిన టైరు

పోయిన నెల నంద్యాలలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనం చేసి బయటికి వస్తుంటే కల్యాణమండపం గోడ పక్కన ఒక నల్ల కారు ఆగి ఉంది. ఎత్తు తక్కువ, టైర్లు వెడల్పు. నేను కార్లు చూసే మనిషిని కాను. అయినా నా చెయ్యి దాని ముందు టైరు మీదికి పోయింది. అరచేత్తో లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రుద్దాను. వక్కపొడి నములుతూ వెనకనే వచ్చిన కారు యజమాని ఆగి చూశాడు.

“ఏందన్నా, ఏం చూస్తాండావ్?”

“ఏం లేదప్పా,” అని చెయ్యి తుడుచుకున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు మా వదిన దగ్గర ఉండేది. ఆమె ఈ వానాకాలం మొదట్లో పోయింది. ఆమె అయితే అతని బండికేమైందో చెప్పి, అతను ఎలాంటి మనిషో కూడా చెప్పి, కాసేపు తిట్టించుకుని వచ్చేది.

కర్మ కార్డు మీద వేయడానికి ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఇంట్లోవాళ్లు నన్ను అడిగారు. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయినవాణ్ని కాబట్టి మాటలు నా దగ్గర ఉంటాయని వాళ్ల నమ్మకం. ‘సౌమ్యురాలు’ అని రాసి కొట్టేశాను. ఆమె సౌమ్యురాలు కాదు. ‘మితభాషిణి’ కూడా కొట్టేశాను. చివరికి ఊరు, వరసలు, భోజనాల వేళ మిగిలాయి. కార్డు అలాగే అచ్చయింది. అందులో పట్టని సంగతి ఇది.

టైరు కనిపిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేకపోవడం ఆమె అలవాటు. పెళ్లిళ్లలో మిగతా ఆడవాళ్లు పెళ్లికూతురి చీర చూడటానికి లోపలికి పోతే, ఈమె ముందు బయట ఆగిన కార్ల వరస చూసి వచ్చేది. పట్టుచీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, గొంతుక్కూచుని, టైరును అరచేత్తో దువ్వేది. ఒక వైపు దువ్వితే నున్నగా, ఇంకో వైపు దువ్వితే గరుగ్గా తగిలితే ఆ చక్రాలు వంకరగా నడుస్తున్నాయని అర్థం. “జొన్నాకు మాదిరి,” అనేది. జొన్నాకును మొదలు నుంచి కొసకు దువ్వితే చెయ్యి జారుతుంది. కొస నుంచి మొదలుకు దువ్వితే కోస్తుంది.

టైరును బట్టి మనిషిని కూడా చెప్పేది. “మధ్యలో అరిగితే గాలి ఎక్కువ కొట్టించినట్టు. వానికి తొందర. రెండంచులూ అరిగితే గాలే చూసుకోనట్టు. వానికి బద్ధకం. ఒక్క అంచే అరిగిందనుకో, వాడు చెప్పింది వినే రకం కాదు. బండి ఒక పక్కకు గుంజుతాండానని మొత్తుకుంటానే ఉంటాది. వాడు వినడు.”

అన్నీ ఒప్పయ్యేవని కాదు. పగిడ్యాలలో ఒక నిశ్చితార్థంలో పెళ్లికొడుకు తండ్రిని పిలిచి “మీ బండి లైను పోయిందప్పా” అని చెప్పింది. ఆయన భయపడి నంద్యాలకు తెచ్చి చూపించుకున్నాడు. బండికి ఏమీ లేదు. టైర్లు అప్పుడే వేయించినవి, ఆమె చేతికి తగిలింది కొత్త రబ్బరు మీద ఉండే అచ్చు గీతలు. ఆ సంగతి చెబితే ఒప్పుకోలేదు.

“ఇప్పుడు బాగుంటే ఏమి? రేపు పోతాది,” అంది.

ఆమెది రుద్రవరం. పెళ్లికి ముందు వాళ్ల నాయన ట్రాక్టరును దుక్కిలో తోలింది. ఆళ్లగడ్డకు, మా ఇంటికి వచ్చాక చాలా ఏళ్లు జీపుల్లో, కార్లలో వెనక సీట్లో కూచుంది. ఆ ఏళ్ల గురించి అడిగితే ఒకటే చెప్పేది: “యాడికి పోవాలన్నా ఎవడో ఒక మొగోడు ఖాళీ కావాల మరిదీ. వాని పని కావాల, వాని కాఫీ కావాల, వాని ఫోను కావాల. అప్పుడు మన పయనం.”

యాభై దాటాక, పుట్టింటి పొలం మీద వచ్చే గుత్త డబ్బుతో తన కారు తాను కొనుక్కుంది. కర్నూలులో ఒక డాక్టరు అమ్ముతున్న పాత కారు. చూడటానికి చిన్నది. కానీ పందెం బండికి ఉండేలాంటి ఇంజను, వెడల్పాటి టైర్లు. డాక్టరు వేగం మీద మోజుతో దాని స్ప్రింగులు మార్పించి నేలకు ఇంకా దగ్గరగా దింపించాడు. మా అన్నకు అది నచ్చలేదు. ఎత్తుగా, తెల్లగా, నాలుగు మూటలు పట్టే బండి కొంటే బాగుండేదన్నాడు.

“మోసే బండి మనకుండాది గదప్పా, ట్రాక్టరు,” అంది వదిన. “ఇది పోయే బండి.”

చెప్పులు విడిచి సీటు కింద పెట్టి, ఒట్టి కాళ్లతో తోలేది. బండి సంగతి పాదానికి తెలియాలనేది. వేగంగా తోలేది. ఇందులో దాచడానికేమీ లేదు. శిరివెళ్ల దాటి రోడ్డు సూటిగా దొరికితే ఆమె మాటలు ఆగిపోయేవి, పెదవి మీద ఒక చిన్న నవ్వు నిలిచేది. మా అన్న ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ పక్కన కూచునేవాడు. ముందు ఎందుకు కూచోవని అడిగితే, “ముందు కూచుంటే రోడ్డు కనపడతాది,” అన్నాడు.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఏ బండి బయల్దేరినా ఖాళీగా పోకూడదు. ఎద్దుల బండ్ల కాలంలో మా నాయన పెట్టిన పద్ధతి. నంద్యాలలో నేనున్నాను, మా చెల్లెలుంది, బంధువులున్నారు. బియ్యం, జొన్నలు, వేరుశనక్కాయలు, కాలాన్ని బట్టి ఏదో ఒకటి మూటలై ఎక్కేది. ఎక్కించే పని అన్నది. డిక్కీ తలుపు పడకపోతే మోకాలితో ఒత్తి మూసేవాడు. అందులో పట్టనివి వెనక సీట్లో తన పక్కన పెట్టుకునేవాడు. రంగు గీసుకుపోతుందని వదిన అరిచేది తప్ప, మూటలు వద్దని ఎప్పుడూ అనలేదు. అది మా ఇంట్లో అనే మాట కాదు.

బండి వెనక టైర్లు తొందరగా అరగడం మొదలైంది. అదీ లోపలి అంచు ఒక్కటే. నంద్యాలలో నూనెపల్లె వైపు అలైన్‌మెంటు చేసే ఒక భాయ్ ఉన్నాడు. వదిన అతని దగ్గర కొత్త టైర్లు వేయించి, చక్రాలు సరి చేయించింది. అతని మిషను తెర మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. పచ్చగా వస్తే చక్రాలు ఉండవలసినట్టు ఉన్నాయని, ఎర్రగా వస్తే లేవని. కొన్ని నెలలకు మళ్లీ అదే లోపలి అంచు నున్నబడింది.

ఒకరోజు ప్రొద్దుటూరులో పెళ్లికి పోతుండగా చాగలమర్రి దాటాక వెనక ఎడమ టైరు పేలింది. బండి వేగంలో ఉంది. వదిన బ్రేకు తొక్కలేదు. స్టీరింగును రెండు చేతులా బిగబట్టి, బండిని దానంతట దాన్ని నెమ్మదించనిచ్చి, రోడ్డు పక్కకు తెచ్చి ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. అన్న తల పైకప్పుకు తగిలి బొప్పి కట్టింది, అంతే. టీ అంగడి దగ్గరున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

“ఎవరప్పా తోలతాండేది?”

“నేను,” అంది వదిన.

“ఓ!” అన్నాడొకడు. ఆ ఒక్క అక్షరంతో తీర్పు చెప్పేశారు.

చాగలమర్రిలో మా చిన్నాయన కొడుకు ఉంటాడు. ఫోను చేస్తే వచ్చి చక్రం మార్చాడు. ఆ బండి మీద అతనికి మొదటి నుంచీ కన్నుంది. తీసిన టైరును అన్నకు చూపించి, “ఆడోళ్లు తోలితే బండి టైర్లు ఇట్లే తింటాదన్నా. మలుపుల్లో ఇసిరి కొడతాంటే ఏం మిగుల్తాది? నాకియ్యి. నేను తీసుకుంటా,” అన్నాడు.

మరునాడు పొద్దున అన్న బండి తాళం తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. అమావాస్య పోయాక బండి చాగలమర్రి తమ్మునికి అమ్మేస్తానన్నాడు. కోపంతో కాదు. భయంతో. ఆ భయం నాకు అర్థమైంది. వదినకూ అర్థమైంది. కానీ బండి పోతే ఆమె మళ్లీ ఎవడో ఒకడు ఖాళీ అయ్యేదాకా వాకిట్లో కూచోవాలి. అదీ అందరికీ తెలుసు.

ఆ పొద్దే నాకు ఫోను చేసింది. “మరిదీ, మీ అన్న తాళం మొలతాడుకు కట్టుకున్న్యాడు. నీళ్లు పోసుకునేటప్పుడు కూడా ఇప్పడంల్యా.”

“పోనీలే వదినా, కొన్నాళ్లు ఆగు.”

“కొన్నాళ్లు ఆగితే బండి చాగలమర్రిలో ఉంటాది. టైరు తిన్నది నేను కాదు. నేనైతే నేనే ఇచ్చేస్తా. ఎవరు తిన్న్యారో నాకు తెలియాల.”

వారం లోపలే ఆళ్లగడ్డ బస్సులో నంద్యాల వచ్చింది, పేలిన టైరుతో సహా. నేను బస్టాండుకు పోయేసరికి కండక్టరుతో వాదన చివరికొచ్చింది.

“టైరుకు సీటెందుకమ్మా?”

“నీ బస్సు టైర్ల కంటే ఇదే బాగుండాది. మర్యాదగా మాట్లాడు. దిగి నీ వెనక చక్రం చూసుకో, రెండంచులూ పోయినాయి.”

కండక్టరు దిగి నిజంగానే చూశాడు.

ఆటోలో భాయ్ షెడ్డుకు వెళ్లాం. అతను టైరును నేల మీద పడుకోబెట్టి లోపలి అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ రబ్బరు పోయి తీగలు కనిపిస్తున్నాయి. బయటి అంచు మీద మాత్రం కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి.

“నా మిషను తప్పు కాదక్కా,” అన్నాడు ముందుగానే. “ఆపొద్దు అంతా పచ్చే. నువ్వే నిలబడి చూసినావు.”

“నీ మిషను తప్పని నేనంటినా భాయ్? నా తోలకం తప్పని అందరూ అంటాండారు. ముందు అది చెప్పు. మలుపుల్లో ఇసిరి కొడితే ఏ అంచు పోతాది?”

“బయటంచు. బండి బయటి పక్కకు ఒరుగుతాది గదా.”

“ఇదేది?”

“లోపలంచు.”

“విన్న్యావా మరిదీ?”

“విన్నాను.”

“నువ్వు వింటే చాలదు. మీ అన్న వినాల.”

భాయ్ తన అరచేతిని చక్రంలా నిలబెట్టి, వేళ్ల కొసలు లోపలికి వంచి చూపించాడు. చక్రం పైభాగం ఇలా లోపలికి వాలితే రోడ్డు మీద టైరు మొత్తం ఆనదు. లోపలి అంచు మీదే నడుస్తుంది. అదే అరుగుతుంది. అంతవరకు అతనికి తెలుసు. తెలియనిది ఒకటే.

“నా షెడ్డులో నిలబెడితే నిటారుగా ఉండాది. రోడ్డు మీద పోతే వాల్తాంది. ఈడికీ ఆడికీ ఏం మారతాంది?” అని తల గోక్కున్నాడు. “ఆ డాక్టరు కురచ స్ప్రింగులు ఏయించినాడు. వెనక బరువు పడితే బండి కూచుంటాది, చక్రాలు వాల్తాయి. బరువేమన్నా ఏస్తాండావా అక్కా?”

“బరువు యాడిది భాయ్? నువ్వు ఎప్పుడు చూసినా డిక్కీ ఖాళీనే గదా...” అని ఆగిపోయింది.

నా వైపు తిరిగింది.

“మరిదీ, మీ ఇంట్లో బియ్యం ఉండాయా?”

“ఉన్నాయి వదినా. పోయినసారి అన్న పంపినవే ఇంకా ఉన్నాయి.”

ఆమె అదే టైరు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. భాయ్‌కి అర్థం కాలేదు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నంద్యాలకు వచ్చిన ప్రతిసారీ ఆమె ముందు మా ఇంటి దగ్గర ఆగేది. మూటలు దింపి, కాఫీ తాగి, అప్పుడు షెడ్డుకు పోయేది. ఆ యంత్రం మూటలను ఒక్కసారీ చూడలేదు. అది కొలిచి సరి చేసింది ఆళ్లగడ్డ నుంచి ఎన్నడూ బయల్దేరని ఒక ఖాళీ బండిని.

“టైర్లు తిన్నది మీ అన్న!” అంది, కళ్లు తుడుచుకుంటూ. “మోకాలితో ఒత్తి ఒత్తి మరీ తిన్న్యాడు!”

“ఇప్పుడే ఫోను చేసి చెబుతాను,” అన్నాను.

“వద్దు. చెప్తే నమ్మడు. మిషనే చెప్పాల.”

ఇంటికి పోయి అన్నతో ఒకటే మాట అందట: “బండి అమ్ము, నేనేమీ అనను. కానీ చక్రాలు సరి చేయించి అమ్ము. చాగలమర్రిలో మీ తమ్ముని ప్రాణాల మీదికి తేవద్దు.” అన్న న్యాయం తెలిసిన మనిషి. ఒప్పుకున్నాడు. ఆమెకు మాత్రం తాళం ఇవ్వనన్నాడు. బండి తోలడానికి నన్ను పిలిపించాడు.

నాకు లైసెన్సు ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

పొద్దున నేను వెళ్లేసరికి అన్న మూటలు ఎక్కిస్తున్నాడు. తీర్పు చెప్పించుకోవడానికి పోతున్న బండిలో కూడా. బియ్యం మూటలు, వేరుశనక్కాయల గోతం. “రాకరాక పోతాండాం, ఒట్టి బండి ఎందుకు?” అన్నాడు నాతో. వదిన గడప దగ్గర నిలబడి చూస్తోంది. రంగు గీసుకుపోతుందని అరవలేదు. పైగా వచ్చి డిక్కీ తలుపు పట్టుకుంది, ఆయనకు సులువుగా ఉండాలని. నేను తల తిప్పుకున్నాను. ఆమె మొహం చూస్తే నవ్వొచ్చేది.

ఆమె నా పక్కన కూచుంది. చెప్పులు అలవాటుగా విడిచింది. దారి పొడుగునా ఆమె ఒట్టి పాదం లేని యాక్సిలరేటరును తొక్కుతూనే ఉంది.

“మరిదీ, ఆ వరిగడ్డి ట్రాక్టరు మనల్ని దాటి పోతాంది.”

“పోనీ వదినా.”

“పోయింది. గడ్డి మీద కూచున్నోడు మనల్ని చూసి నవ్వినాడు కూడా.”

“వాన్ని మంచిగా తోలనియ్యి,” అన్నాడు అన్న వెనక నుంచి. “ఇట్ల తోలాల బండి.”

నంద్యాల వచ్చాక, “ముందు ఇంటికి పోనీ, మూటలు దింపుదాం,” అన్నాడు.

“ముందు షెడ్డుకు,” అంది వదిన. “భాయ్ బేగా రమ్మన్న్యాడు. మళ్లా రద్దీ అయితాది.”

భాయ్ బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలకు నాలుగు పలకలు బిగించాడు. గోడ మీద తెర వెలిగింది. ముందు చక్రాల అంకెలు పచ్చగా ఉన్నాయి. వెనక రెండూ ఎర్రగా.

అన్న ముందుకు వంగి చూశాడు. ఎరుపంటే ఏమిటో భాయ్‌ని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత నిటారుగా నిలబడి వదిన వైపు తిరిగాడు.

“చూస్తివా? నీ తోలకం ఎట్లుండాదో మిషను కూడా చెప్తాంది.”

“చెప్తాంది,” అంది వదిన. “ఇప్పుడు మూటలు దింపు.”

“మూటలెందుకు?”

“దింపప్పా. నీ చేత్తోనే దింపు.”

అన్న డిక్కీ తెరిచి మొదటి మూట దింపాడు. తెర మీద వెనక అంకెలు కదిలాయి. ఆయన చూడలేదు, నేను చూశాను. రెండో మూట దింపాడు. మళ్లీ కదిలాయి. గోతం కూడా దింపి, భుజం దులుపుకుంటూ తల ఎత్తాడు. భాయ్ బండి వెనక భాగాన్ని రెండుసార్లు అదిమి వదిలాడు. అంకెలు తూగి, నిలబడ్డాయి. తెర మొత్తం పచ్చగా ఉంది.

అన్న తెరను చూశాడు, మూటలను చూశాడు. ఎవరూ చెప్పకుండానే వంగి ఒక మూట ఎత్తి డిక్కీలో పెట్టి మళ్లీ తెర చూశాడు. ఇంకోటి పెట్టాడు. ఎరుపు తిరిగొచ్చింది. తీశాడు. పెట్టాడు. పక్క బండివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, చెమట కారుతుండగా, తన మూటలను తానే పరీక్ష చేస్తున్నాడు.

చివరికి అన్నీ ఎక్కించి, “నేను కూచుంటే?” అన్నాడు మెల్లగా.

“కూచో,” అంది వదిన.

వెనక ఎడమ పక్కన, తన చోట్లో కూచున్నాడు. ఎడమ చక్రం అంకె ఇంకా దిగింది. పేలింది ఆ టైరే.

“అన్న కూచుంటే ఎడమది ఇంకా పోతాంది,” అన్నాడు భాయ్. ఆ మాటకు పక్కబండివాళ్లు పగలబడి నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. ఆ నవ్వు ఆమె ముందే నవ్వేసింది.

“రెండు దార్లుండాయక్కా,” అన్నాడు భాయ్. “మూటలు మానేస్తే ఇప్పుడున్న లెక్క సరిపోతాది. ల్యాకుంటే బరువు పెట్టే సరి చేయాల. కొత్త బోల్టులు ఏస్తే చేయొచ్చు. కానీ అప్పుడు ఎప్పుడూ అంతే బరువుండాల.”

అన్న బండిలోంచి దిగలేదు. అద్దం దించి ఆమె ఏమంటుందా అని చూస్తున్నాడు. మూటలు మానేయమని ఆమె ఆరోజు అని ఉంటే మా నాయన పెట్టిన పద్ధతి అక్కడితో ఆగిపోయేది. ఆయన ఎదురు చెప్పగలిగే స్థితిలో లేడు. ఆమెకు అది తెలుసు.

“మూటలతోనే పెట్టు భాయ్,” అంది. “ఈయన్ను కూడా కూచోబెట్టే పెట్టు.”

అలా బోల్టులు వచ్చి, బిగించి, కొలిచి, మళ్లీ బిగించినంత సేపూ మా అన్న ర్యాంపు మీద, బండిలో, కదలకుండా కూచున్నాడు. కదిలితే అంకె మారుతుందని భాయ్ చెప్పాడు. నీళ్లు అడిగితే వదిన గ్లాసు అందించి, “తాగి బరువు పెరగొద్దు, గుక్కెడే,” అంది. ఆమె స్టూలు వేసుకుని తెర ముందు కూచుంది. ఎడమది పచ్చబడింది. కుడిది పచ్చబడింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

భాయ్ బండి దించి, అలవాటు ప్రకారం తాళం మగవాడి చేతికి, అంటే అన్నకు ఇచ్చాడు. అది మళ్లీ మొలతాడుకు పోతుందేమో అనుకున్నాను. అన్న తాళాన్ని కాసేపు పట్టుకుని, వదిన వైపు చెయ్యి చాచాడు.

“ఇంటికి బిన్నా పోవాల. బర్రెలకు నీళ్లు పెట్టాల,” అన్నాడు. “వాడు తోలితే తెల్లారుతాది. నువ్వే తోలు.”

క్షమాపణ అంతే. మా వంశంలో అంతకంటే పెద్దది నేను వినలేదు.

చాగలమర్రికి బండి పోలేదు. తర్వాతి ఏళ్లలో ఆ బండి ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. మూటలు ఎప్పుడూ ఉండేవి. పంపాల్సిందేమీ లేని రోజుల్లో కూడా అన్న వాటిని ఎక్కించేవాడు. అవి నంద్యాల చూసి అలాగే తిరిగి పోయేవి. తూకం వేసి, భాయ్ షెడ్డులో ఉన్న వరసలోనే సర్దేవాడు. “ఏందప్పా, ఈపొద్దు మూట బక్కచిక్కింది? లైను పోతాది,” అని ఆమె అంటే పోయి ఇంకో రెండు చేటల బియ్యం పోసి కుట్టేవాడు.

తాను కూడా తప్పనిసరి అయ్యాడు. ఆమె ఎక్కడికి బయల్దేరినా కండువా వేసుకుని వెనక ఎడమ పక్కన సిద్ధం. చీర కొనడానికి పోయినా, పుట్టింటికి పోయినా. “నేను ల్యాకుంటే బండి లైను పోతాది,” అని అందరికీ చెప్పేవాడు. ఓడిపోయిన సంగతినే ఆయన తన గొప్పగా చేసుకున్నాడు. ఆమె కాదనలేదు. అద్దంలో ఆయన్ను చూసి, శిరివెళ్ల దాటాక, ఇంకొంచెం తొక్కేది.

ఆమె బండిలో పోలేదు. రోడ్డు మీదా పోలేదు. గుండె జబ్బుతో ఆసుపత్రిలో పోయింది. కర్మలు అయ్యాక కొన్నాళ్లకు, టైర్లు పాతబడ్డాయి, మార్చాలని అన్న ఫోను చేశాడు. నేను వెళ్లాను. మూటలు ఎక్కి ఉన్నాయి. ఆయన తన చోట్లో కూచున్నాడు. ముందు సీటు కింద ఆమె చెప్పులు ఉన్నాయి. వాటిని కదపకుండా బండి తీశాను.

భాయ్ నాలుగు టైర్లూ విప్పి నేల మీద వరసగా పడుకోబెట్టాడు. తానే ముందు వంగి చూశాడు. తర్వాత పక్కకు జరిగి, “అన్నా, చూడు,” అన్నాడు.

అన్న గొంతుక్కూచున్నాడు. ఆమె ఎలా పెట్టేదో అలాగే అరచెయ్యి పెట్టాడు. లోపలి అంచు నుంచి బయటి అంచుకు, బయటి అంచు నుంచి లోపలి అంచుకు. ఎటు దువ్వినా ఒకటే నున్నన. నాలుగూ ఒకే తీరుగా, అంచు నుంచి అంచు దాకా సమంగా అరిగి ఉన్నాయి. ఆ వేగంతో తోలిన మనిషి టైర్లు అవి.

కొత్తవి వేసి, ర్యాంపు ఎక్కించే ముందు భాయ్ అడిగాడు. “మూటలు ఉంచాల్నా, దింపాల్నా అన్నా?”

“ఉంచు,” అని అన్న పోయి వెనక ఎడమ పక్కన కూచున్నాడు.

పాత టైర్లలో ఒకటి, వెనక ఎడమది, ఇంటికి తెచ్చుకున్నాడు. అరుగు మీద గోడకు ఆనించి పెట్టాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లనూ ముందు దాని దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక వచ్చినవాళ్లు ఒక టైరు ముందు వంగి, దాన్ని దువ్వి, బాగుందని చెప్పి లోపలికి పోయేవాళ్లు.

చాగలమర్రి నుంచి మా చిన్నాయన కొడుకు ఆలస్యంగా వచ్చాడు. ఊళ్లో లేనన్నాడు. అన్న అతన్ని కూచోమనలేదు. చెయ్యి పట్టుకుని అరుగు దగ్గరికి నడిపించాడు.

“చెయ్యి పెట్టు.”

“ఇప్పుడెందుకన్నా ఇవన్నీ...”

“పెట్టు. లోపలంచు చూడు. బయటంచు చూడు. ఏ పక్క ఎక్కువ అరిగిండాది?”

అతను దువ్వాడు. ఇంకోసారి దువ్వాడు. అతనికీ బండ్ల సంగతి తెలుసు. “ఏ పక్కా ల్యాదన్నా. సమంగా ఉండాది,” అన్నాడు మెల్లగా.

అన్న అతని చెయ్యి వదల్లేదు. తల తిప్పి, దండ వేసిన ఫోటో ఉన్న గది వైపు చూశాడు.

“మళ్లా చెప్పు,” అన్నాడు. “ఆడికి వినపడేట్టు చెప్పు.”